పది లీటర్లలో మేనేజర్‌గారు

జూన్ 4

అక్కకు,

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని కంగారుపడకు, అందరం క్షేమమే. మా ఇల్లు ఒకటిన్నర గదులని నీకు తెలుసు కదా. గదిలో నీ మరదలు పడుకుని ఉంటుంది, మిగిలిన సగంలో నేను ఫోన్ మాట్లాడాలి. ఎంత గొంతు తగ్గించినా అన్నీ ఆమె చెవిన పడతాయి. అందుకని షాపులో గాజు కోసే బల్ల మీదే కాగితం పెట్టుకుని రాస్తున్నాను. గాజు పొడి అంటుకుని ఉంటుంది, దులిపి చదువు.

అయిదో నెల వచ్చింది. కాన్పయ్యేదాకా మంచం దిగొద్దని, ఎడమ వైపుకే తిరిగి పడుకోమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఎడమ వైపు ఏముంది? ఒక కిటికీ, ఆ కిటికీలోంచి పక్కింటి గోడ. బట్టల ఫ్యాక్టరీ చెకింగ్ సెక్షన్లో పొద్దస్తమానం చొక్కాలు పట్టి చూసి, ఎక్కడ కుట్టు తప్పిందో ఇట్టే చెప్పే మనిషి. ఆ కళ్ళకు ఇప్పుడు పని లేదు. పక్కింటి గోడ పెచ్చుల్లో ఒక ఒంటె, రెండు ఇస్త్రీపెట్టెలు కనిపించాయని మొన్న నాకు చూపించింది. నవ్వుతూనే చూపించింది. ఇంతకుముందు రెండుసార్లు ఏమయిందో నీకు తెలుసు, ఆ సంగతి నేనూ ఎత్తను, ఆమె కూడా ఎత్తదు.

అందుకని మిగిలిపోయిన గాజు ముక్కలతో ఒక చేపల తొట్టి చేశాను. కిటికీ గట్టు మీద ఆనాలి గనక పది లీటర్లే, ఇంకో చెంబుడు కూడా పట్టదు. నా పని నేను పొగుడుకోకూడదు గానీ అంచులు ఎంత నున్నగా వచ్చాయంటే, మా ఓనరు వేలితో రాసి చూసి "అమ్మేద్దామా" అన్నాడు.

రంగుచేపల దుకాణం పెట్టి నీకు జుట్టు నెరిసింది, నీకు తెలియని చేప ఉండదు. ఇందులో ఏవి వెయ్యమంటావు? నా మనసులో రెండు గోల్డ్‌ఫిష్‌లు, అరడజను గప్పీలు ఉన్నాయి. గప్పీలు పిల్లల్ని పెడతాయట కదా, మంచి శకునం. షరతు ఒక్కటే. చచ్చిపోని చేప కావాలి. ఆమె కళ్ళ ముందు ఏదీ పోకూడదు.

నీ తమ్ముడు

జూన్ 9

ఒరేయ్ తమ్ముడూ,

చావులేని చేప దొరికితే దుకాణం మూసేసి దాని కాళ్ళకు మొక్కుతాను, దానికి కాళ్ళుంటే. నా జుట్టు నెరిసింది చేపల వల్ల కాదు, చిన్నప్పుడు నిన్ను చంకనేసుకుని తిరగడం వల్ల.

పది లీటర్లంటే నా దుకాణంలో మేత కలిపే గిన్నె. అందులో రెండు గోల్డ్‌ఫిష్‌లు, పైగా అరడజను గప్పీలు. మీ ఒకటిన్నర గదుల్లోకి పెళ్ళివారిని దింపినట్టుంటుంది. గోల్డ్‌ఫిష్ అరచెయ్యంత పెరుగుతుంది, ఎంత పెడితే అంత తింటుంది, తిన్నదంతా ఆ నీళ్ళలోనే వదులుతుంది. కొన్నాళ్ళకే నీళ్ళు విషమవుతాయి. నియాన్ టెట్రాలు అందంగా ఉంటాయి గానీ గుంపు లేందే బతకవు, పరుగెత్తడానికి పొడుగాటి తొట్టి కావాలి.

ఇక గప్పీ. పిల్లల్ని పెడుతుంది, నిజమే. పెట్టి, వెనక్కి తిరిగి వాటినే తింటుంది. ఆ మంచం పక్కన, ఆ మనిషి చూస్తుండగా అది జరిగితే ఎట్లా ఉంటుందో నీకు విడమర్చి చెప్పాలా? ఆ పేరు ఇంట్లో ఎత్తకు.

ఫైటర్ చేపను వెయ్యి. మగవాణ్ణి, ఒక్కణ్ణే. జత వద్దు, తోడు వద్దు. ఇంకో మగవాడు కనిపిస్తే చంపుతాడు, ఆడదాన్ని వేస్తే తరిమి తరిమి కొడతాడు. ఒంటరివాడని జాలిపడకు, వాడికి అదే సుఖం. నీటి పైకొచ్చి గాలి పీల్చుకోగలడు గనక చిన్నచోట ఇమిడిపోతాడు. ఇంతకాలంగా వాళ్ళను అమ్ముతున్నానా, ఇప్పటికీ ఒకడు రెక్కలు పూర్తిగా విప్పితే గిరాకీని వదిలేసి చూస్తూ నిలబడతాను. మీ బావ అయితే నన్ను పిలిచి పిలిచి వెళ్ళిపోతాడు.

తొట్టికి మూత ఉండాలి, లేకపోతే దూకుతాడు. కుళాయి నీళ్ళు బకెట్లో ఒక పగలూ రాత్రీ ఉంచి పొయ్యి. నీళ్ళు మార్చేటప్పుడు కాస్త తీసి కాస్త పొయ్యి, నీ గాజు తలుపులు కడిగినట్టు మొత్తం కడిగెయ్యకు. అవునూ, తొట్టిని దేనితో అతికించావు? మంచిదేనా?

మా మరదలి కళ్ళ సంగతి నాకు చెప్పక్కర్లేదు. ఒకసారి నా దుకాణానికి వచ్చినప్పుడు "వదినా, ఆ మూల చేప తిరగడం బాలేదు" అంది. నాకేమీ కనబడలేదు. మర్నాటికి దాని ఒంటినిండా తెల్ల మచ్చలు. అప్పటినుంచి ఆమె అంటే నాకు గౌరవం, కొంచెం భయం కూడా.

నీ అక్క

జూన్ 13

అక్కకు,

నా తొట్టిని మేత గిన్నె అన్నావు. పోనీలే, చూసినప్పుడు నువ్వే మాట మార్చుకుంటావు.

జిగురు గురించి దిగులుపడకు. మా షాపులో ఉన్నవాటన్నిట్లోకీ మంచిది, పెద్ద పెద్ద హోటళ్ళ పనికి తప్ప మా ఓనరు బయటికి తియ్యడు. ఈ ఒక్క పనికి బతిమాలి తీసుకున్నాను.

ఫైటర్ సంగతి నీ మరదలికి చెప్పాను. "ఒంటరిగా ఉండి సుఖపడేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు, రమ్మను" అంది. రంగు ఏది కావాలన్నాను. చాలాసేపు ఆలోచించి, దూరం నుంచి పిలిచే రంగు వద్దు, దగ్గర పెట్టుకుని చూస్తేగాని తెలియని రంగు కావాలంది. అది ఏ రంగో నాకైతే అర్థం కాలేదు. నీకేమైనా అర్థమయిందా?

నీ తమ్ముడు

జూన్ 20

తమ్ముడూ,

అర్థమయింది. నా దుకాణంలో ఒకడున్నాడు. చూడటానికి పలక రంగు. వచ్చినవాళ్ళందరూ ఎర్రవాణ్ణీ నీలంవాణ్ణీ అడుగుతారు, వీడు వెనక సీసాలోనే ఉండిపోయాడు. కానీ వెలుతురు పక్కనుంచి పడితే ఒక్కో పొలుసు అంచునా సన్నటి నీలం గీత కనిపిస్తుంది. చేపను చూడకుండా చేపను ఎంచుకుంది ఆమె. ఈ వ్యాపారంలో నేను అంత బాగా ఎంచలేను.

మేత సరుకు వ్యాన్ మీ ఊరి మీదుగానే వెళ్తుంది, ఆ డ్రైవరు చేతికిచ్చాను. సంచిలో సగం నీళ్ళు, సగం గాలి. ఒక ఆకుల మొక్క, నా పాత తొట్టిలోని స్పాంజి కూడా పెట్టాను. స్పాంజి మురికిగా ఉందని ఉతుకుతావేమో, ఉతికావంటే నేనే బస్సెక్కి వస్తాను. నీళ్ళను శుభ్రంగా ఉంచేది ఆ మురికే.

జిగురు మంచిదే అన్నావు గనక నాకు బెంగ లేదు.

అక్క

జూలై 1

అక్కకు,

ఏం మనిషిని పంపావే. చేపను పంపావని అనడానికి నోరు రావడం లేదు.

వచ్చిన రోజు కాస్త ముడుచుకున్నాడు. మర్నాడు పొద్దున్న రెక్కలు విప్పి నాలుగు మూలలూ తిరిగి, మొక్క ఆకులు ఒక్కొక్కటీ దగ్గరగా చూసి, స్పాంజి దగ్గర ఆగి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. "మా ఫ్యాక్టరీ మేనేజర్‌గారు అచ్చం ఇలాగే, ఏమీ చెయ్యరు, అన్నీ చూస్తారు" అంది నీ మరదలు. అప్పటినుంచి వాడి పేరు మేనేజర్‌గారే. ఆమె దగ్గితే ఆగి ఇటు చూస్తాడట. నేను షాపు నుంచి రాగానే ఆ రోజు ఆయన ఎక్కడెక్కడ తనిఖీ చేశారో, ఎవరిమీద కోప్పడ్డారో వరసగా చెబుతుంది. ఆ నీలం గీతలు నాకు కనిపించడానికి వారం పట్టింది. ఆమె మొదటిరోజే చూసింది.

మళ్ళీ ఆమె పగలబడి నవ్వడం వింటున్నాను అక్కా. కిందటిసారి తర్వాత ఇదే. నేను సాయంత్రం త్వరగా ఇంటికి పోతున్నానని మా ఓనరు సణుగుతున్నాడు, సణగనీ.

నీ తమ్ముడు

జూలై 5

అక్కా,

మేనేజర్‌గారు పోయాడు.

రెండు రోజులుగా రంగు పాలిపోయి పైనే వేలాడుతున్నాడు. "ఇవాళ ఆయనకు సెలవేమో" అంది ఆమె. మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుండగా చూస్తే పక్కకు ఒరిగి ఉన్నాడు. టిఫిన్ డబ్బాలో పెట్టి, తొట్టి ఎత్తుకుని షాపుకు పరుగెత్తాను. ఆమె లేచాక, అతుకు దగ్గర చెమ్మ వస్తోంది, బాగుచేసి తెస్తాను, ఆయన అంతదాకా షాపులో బేసిన్లో ఉంటాడని చెప్పాను. "చల్లగాలి తగలనివ్వకు" అంది.

నేను సబ్బు వాడలేదు. స్పాంజి ఉతకలేదు. నీళ్ళు నువ్వు చెప్పినట్టే పోశాను. నీ దగ్గరే వాడికి ఏమైనా రోగం ఉందా? నిజం చెప్పు. ఈ సంగతి ఆమెకు తెలిస్తే ఆ దిగులుకు ఏమవుతుందోనని నాకు భయంగా ఉంది.

తమ్ముడు

జూలై 8

ఒరేయ్,

నా చేపకు రోగమా? ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే ఇంకో ఉత్తరం రాయకపోదును. నీ భయం చూసి ఊరుకుంటున్నాను.

ఆ జిగురు ట్యూబు తీసి మీద ఏమి రాసుందో చదువు. హోటళ్ళలో ఎక్కడ వాడతారు దాన్ని? స్నానాల గదుల్లో కదా. బూజు పట్టదని రాసుంటుంది. బూజు ఎందుకు పట్టదు, అందులో మందు కలుపుతారు గనక. బూజును చంపే మందు ఆ చిటికెడు ప్రాణాన్ని వదులుతుందా? నువ్వు మంచిదన్నావు, నేను నమ్మాను. నీ మంచి వేరు, నా మంచి వేరు అని నాకు తట్టలేదు. తప్పు నీకెంత ఉందో నాకూ అంత ఉంది.

పాత జిగురంతా బ్లేడుతో గీకెయ్యి. ఏ మందూ కలపని మామూలు సిలికాన్, అన్నిట్లోకీ చవకది, దానితో అతికించు. వాసన పూర్తిగా పోయేదాకా ఆరనివ్వు. తర్వాత నీళ్ళు నింపి పారబొయ్యి, మళ్ళీ నింపి పారబొయ్యి. స్పాంజీ మొక్కా పారెయ్యి, కొత్తవి పంపుతాను.

వాడి తోడబుట్టినవాడు ఒకడున్నాడు నా దగ్గర. ఒకే తండ్రి, ఒకే గూడు. పక్కపక్కన పెడితే నేనే తికమకపడతాను. చెప్పెయ్యడమే మంచిదని నా మనసుకు అనిపిస్తోంది, కానీ మంచం మీద ఉన్న మనిషి. నువ్వు చెప్పకపోతే నేనూ చెప్పను.

అక్క

జూలై 24

అక్కకు,

గండం గడిచింది. తొట్టి గట్టు మీదికి వచ్చింది, కొత్తవాడు అందులోకి దిగాడు. "సెలవు బాగా గడిచిందా మేనేజర్‌గారూ" అని పలకరించింది. నేను వంటింటివైపు తిరిగి నిలబడ్డాను. ఆమె అంతకంటే ఏమీ అడగలేదు.

వీడు ఆరోగ్యంగా ఉన్నాడు, రెండుపూటలా తింటున్నాడు. కానీ నిన్నటినుంచి నీటి పైన ఒక మూల నురగ కడుతోంది. చూస్తే వాడే చేస్తున్నాడు. పైకొచ్చి గాలి మింగి, ఆ మూల తేలే ఆకు కింద బుడగ వదులుతాడు, మళ్ళీ వెళ్ళి ఇంకోటి తెస్తాడు. పొద్దుటినుంచి సాయంత్రందాకా అదే పని. ఇదేం జబ్బు? త్వరగా రాయి.

తమ్ముడు

ఆగస్టు 2

తమ్ముడూ,

జబ్బు కాదురా, నీ తొట్టికి వాడిచ్చిన మెచ్చుకోలు. మేత గిన్నె అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. చోటు నచ్చితేనే గూడు కడతాడు.

అది పిల్లల కోసం కట్టే గూడు. ఆడచేప లేకపోయినా కడతాడు, అదే వాడి గొప్ప. గుడ్లు పెట్టడం వరకే తల్లి పని, తర్వాత అంతా తండ్రే. ఒక్కో గుడ్డునూ నోటితో ఏరి బుడగల్లో పెడతాడు. జారి పడితే కిందికి దూకి అందుకుని మళ్ళీ అక్కడే పెడతాడు. తిండి మానేసి కాపలా కాస్తాడు. నా దుకాణంలో ఇన్ని రకాల చేపలున్నాయి, నేను మనసులో దణ్ణం పెట్టుకునేది వీడికే.

ఇంకో సంగతి. మొన్న నీ మరదలు నాకు ఫోన్ చేసింది. అటూ ఇటూ మాట్లాడి, "వదినా, ఫైటర్ తోకలో గాటుపడితే పూడుతుందా" అంది. పూడుతుందమ్మా, ఎందుకు పూడదు అన్నాను. "ఓహో" అని పెట్టేసింది. నేను సరిగ్గానే చెప్పానా?

అక్క

ఆగస్టు 19

అక్కకు,

మన ఇద్దరి తెలివీ తెల్లారింది.

ఆదివారం మంచం పక్కన కూచుని ఆమె కాళ్ళు పడుతున్నాను. వాడు గూడు సవరిస్తున్నాడు. ఉన్నట్టుండి "పాత మేనేజర్‌గారు ఏమయ్యారు" అంది. ఎదురుగానే ఉన్నాడు కదా అన్నాను. "ఈయన కొత్తాయన. ఈయనంటే నాకిష్టమే. నేను పాతాయన సంగతి అడుగుతున్నాను" అంది.

నేను మళ్ళీ బుకాయించబోయాను. "పాతాయన తోకలో గాటుండేది, ఈయనకు లేదు. పూడిందంటావు, వదిన కూడా అంది. సరే. పాతాయన మూలకు వస్తే కుడివైపుకు తిరిగేవాడు, ఈయన ఎడమవైపుకు తిరుగుతాడు. దగ్గితే ఆయన ఆగేవాడు, ఈయనకు నా దగ్గు పట్టదు. ఒకే కొలత, ఒకే దారం ఇచ్చినా ఎవరు కుట్టిన చొక్కానో నేను చెబుతాను. చెయ్యి మారితే నాకు తెలియదా?" అంది.

ఎప్పుడు తెలిసిందన్నాను. తెచ్చిన రోజేనట. మరి ఇన్నాళ్ళూ అడగలేదేమంటే, "నువ్వు అంత కష్టపడి దాస్తున్నావు, నీకు నువ్వుగా చెబుతావని చూశాను" అంది.

అప్పుడు చెప్పాను. జిగురు సంగతి, టిఫిన్ డబ్బా, షాపు వెనక మట్టిలో పెట్టడం, అంతా. నేను భయపడ్డట్టు ఏమీ కాలేదు అక్కా. కాసేపు ఏడ్చింది. మంచినీళ్ళు అడిగి తాగింది. "పాపం, ఆయన రెండు రోజులు పైకొచ్చి గాలి కోసం చూస్తుంటే నేను సెలవని హాస్యమాడాను" అంది.

తర్వాత నా చెయ్యి పట్టుకుని ఇంకో మాట అంది. "గాజు మీద వేలిముద్ర కనబడితే తుడిచేదాకా నీకు తోచదు. మనకు దక్కని ఆ ఇద్దరు బిడ్డల్నీ కూడా అలాగే తుడిచేశావు. ఎవరైనా అడిగితే ఇదే మొదటిదంటావు. నేను వింటూనే ఉన్నాను. నాకిది మూడో బిడ్డ. పోయినవాళ్ళ చోట్లో దీన్ని పెట్టకు, ఇది మోయలేదు."

ఆమె తట్టుకోలేదని నేను ఇన్నాళ్ళూ దాస్తూ వచ్చాను. తట్టుకోలేనిది నేనేనని ఆమెకు తెలుసు, పైకి అనలేదు, అంతే. రెండోసారి జరిగింది ఒకటి నీక్కూడా చెప్పలేదు, అప్పుడు ఆమెకు చెప్పాను. ఆమె మత్తులో ఉండగా నర్సు నాకు ఒక్క క్షణం చూపించింది. పాప. వేళ్ళు పొడుగ్గా ఉన్నాయి, అచ్చం మన నాన్న వేళ్ళలాగా. ఆ మాట గొంతులోనే పెట్టుకుని తిరిగాను.

"మళ్ళీ చెప్పు" అంది. మళ్ళీ చెప్పాను. ఎన్నిసార్లు చెప్పించుకుందో నాకు తెలియదు. చీకటిపడినా లైటు వేసే పని పెట్టుకోలేదు. అంత బాగా మేం మాట్లాడుకుని చాలాకాలమయింది.

నీ తమ్ముడు

ఆగస్టు 25

తమ్ముడూ,

నీ ఉత్తరం దుకాణంలో చదవడం మొదలుపెట్టి, షట్టర్ సగం దించి లోపల కూచుని పూర్తిచేశాను. నాన్న వేళ్ళు అన్నచోట ఆగిపోయాను. ఇంత బరువు ఒక్కడివే మోశావా? నాకైనా చెప్పలేదేమిరా?

ఆమెకు ఫోన్ చేశాను, నువ్వు షాపులో ఉండే వేళ చూసుకుని. తప్పయిపోయిందమ్మా, నీకు అబద్ధం చెప్పానన్నాను. "పోనీలే వదినా, చేపల గురించి మీరు చెప్పింది నిజమే, గాటు పూడుతుంది కదా" అంది. ఇంత పెద్ద మనసున్న మనిషికి నేను ఆడపడుచునైనందుకు నాకు గర్వంగా ఉంది. ఆ మాట ఆమెతోనే అన్నాను, ఎవరికీ చెప్పొద్దంది. నేను నీకు చెబుతున్నాను, మీ బావకు చెప్పాను, రేపు వ్యాన్ డ్రైవరుకు కూడా చెబుతాను.

వాడి గూడు చెదిరితే దిగులుపడకు, మళ్ళీ కట్టుకుంటాడు.

అక్క

అక్టోబరు 11

అక్కకు,

ఫోన్‌లో విన్నావు కదా, ఇద్దరూ క్షేమం. ఆడపిల్ల. కొంచెం ముందుగా వచ్చింది, అందుకని తేలిగ్గా ఉంది, కానీ గొంతుకు ఆ లోటేమీ లేదు. ఆస్పత్రి వరండా బెంచీ మీద కూచుని ఇది రాస్తున్నాను, ఫోన్‌లో చెప్పలేకపోయిన సంగతి ఒకటుంది.

పొద్దున్న ఒక పెద్ద నర్సు వివరాలు రాసుకోవడానికి వచ్చింది. మంచం చుట్టూ తెర వేసి ఉంది, నీ మరదలు లోపల పాపకు పాలిస్తోంది, నేను ఇవతల నిలబడ్డాను. తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు అడిగింది. తర్వాత తలెత్తకుండానే "మొదటి బిడ్డే కదా" అంది. అలవాటుకొద్దీ అవును అనబోయాను. సగంలో ఆపాను.

"కాదండీ, మూడో బిడ్డ" అన్నాను.

ఆవిడ కలం ఆపి నా మొహంలోకి చూసింది. తర్వాత అదే రాసుకుంది. నేను తెర పక్కకు జరిపాను. నీ మరదలు విన్నది. పాపను కొంచెం ఇటు తిప్పి, నాకు కూచోవడానికి మంచం మీద చోటిచ్చింది.

నీ తమ్ముడు